సీఏ చదువులో ఉత్సాహానికి గండి ఎక్కడ పడుతుంది?

సంక్షిప్తంగా

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదివేవాళ్లలో ఉత్సాహం తగ్గితే దాన్ని బద్ధకం ఖాతాలో రాసేయడం మామూలైపోయింది. చాలాసార్లు అసలు కారణం ఆ పరీక్ష కట్టుబడిలోనే ఉంటుంది. పాసు నిబంధన తీరు ఒకటి, నెలల తరబడి మార్కు అన్నది కనపడకపోవడం ఇంకొకటి, చదువును తప్పుడు తూనికతో తూచుకోవడం మూడోది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటిపట్టున ఉండి ఆన్‌లైన్ క్లాసులు వినేవాళ్లకు, మే నెల ఎండలో పరీక్ష రాసేవాళ్లకు, ఆర్టికల్స్ (సీఏ ఆఫీసులో పని నేర్చుకునే శిక్షణ) చేస్తున్నవాళ్లకు గండి పడే చోటు వేరువేరుగా ఉంటుంది. పూడ్చే పద్ధతీ అంతే.

అంకెలు చెప్పేది

సీఏలో ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ అని మూడు లెవల్స్; ఇంటర్, ఫైనల్‌లలో పేపర్లు రెండేసి గ్రూపులుగా ఉంటాయి. 2025 మే అటెంప్టు (ఆ విడత పరీక్ష) ఫలితాలు జులై 6న వచ్చాయి. సీఏ ఇంటర్ మొదటి గ్రూపులో 14.67 శాతం, రెండో గ్రూపులో 21.51 శాతం పాసయ్యారు. రెండు గ్రూపులూ ఒకేసారి రాసినవాళ్లలో గట్టెక్కింది 13.22 శాతం. ఫౌండేషన్‌లో 15.09, ఫైనల్ రెండు గ్రూపులూ కలిపి 18.75. లెవల్ ఏదైనా, అంతా ఒకేసారి రాసిన పదిమందిలో ఎనిమిదిమందికి పైగా మళ్లీ రాయాల్సినవాళ్లే. ఫలితాలొచ్చిన ఆ జులై 6నే మొహర్రం కూడా. రొట్టెల పండుగలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర చదువు కోరి రొట్టె పట్టుకున్నవాళ్లలో సీఏ పిల్లలూ కొందరు ఉండే ఉంటారు.

జూనియర్ కాలేజీలో ఎంఈసీ చదివి వెయ్యికి తొమ్మిది వందల యాభై తెచ్చుకున్న విద్యార్థికి 'ఫెయిల్' అనే మాట మొదటిసారి తగిలేది ఇక్కడే. అప్పటిదాకా ఎంత చదివితే అంత మార్కు. ఇక్కడ ఆ లంకె తెగుతుంది. పదిహేను శాతం పాసయ్యే పరీక్షలో మొదటిసారి తప్పడం ఎక్కువమందికి జరిగేదే. అది ముందే తెలిసినవాళ్లు రెండో అటెంప్టుకు త్వరగా కూర్చుంటారు. తెలియనివాళ్లు తమలోనే ఏదో లోపముందని రెండు మూడు నెలలు పుస్తకం ముట్టరు.

149కీ 150కీ మధ్య

పాసవ్వాలంటే ప్రతి పేపర్లో కనీసం 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఇంటర్, ఫైనల్ రెండింట్లోనూ గ్రూపుకు మూడు పేపర్లు, అంటే 300కి 150. వినడానికి తేలికే. ఒకరికి అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో 62, లాలో 45, ట్యాక్సేషన్‌లో 42 వచ్చాయనుకుందాం. మొత్తం 149. ఫలితం: ఫెయిల్. మూడింట్లోనూ కలిపి 90 వచ్చిన విద్యార్థికీ అదే మాట.

ఈ ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. 62 వచ్చిన పేపరుకు ఎగ్జెంప్షన్ ఉంటుంది, అంటే దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు (60 వస్తే చాలు), అది తర్వాతి మూడు అటెంప్టుల దాకా చెల్లుతుంది. ఆ 62 గ్రూపు మొత్తంలో లెక్కకొస్తుంది కాబట్టి మిగిలిన రెండు పేపర్లలో తెచ్చుకోవాల్సింది 88. అంటే పేపరుకు సగటున 44. ఇంత దగ్గరగా వచ్చి కూడా 'మళ్లీ మొదటి నుంచి' అనుకుని మూడు పేపర్లకూ కొత్త క్లాసులు కొనేవాళ్లు ఉన్నారు. డబ్బు పోవడం అటుంచితే, తెలిసిన పాఠాన్నే మళ్లీ రెండు వందల గంటలు వినాల్సి రావడం కంటే ఉత్సాహాన్ని చంపేది లేదు.

రెండు గ్రూపులూ కలిపి రాయాలా, ఒక్కటే రాయాలా అన్న ప్రశ్న కూడా ఈ నిబంధన చుట్టూ తిరిగేదే. రెండూ ఒకే అటెంప్టులో రాస్తే ఒక గ్రూపులో మిగిలిన మార్కులు ఇంకో గ్రూపు తరుగును పూడుస్తాయి. మొదటి గ్రూపులో 142, రెండో గ్రూపులో 161 వస్తే 600కి 303, రెండూ పాస్. అదే 142 మొదటి గ్రూపు ఒక్కటే రాసినప్పుడు వస్తే ఫెయిల్. అయితే ఈ సర్దుబాటు పనిచేయాలంటే ఆరు పేపర్లలో ఏ ఒక్కటీ 40కి తగ్గకూడదు. రెండు పేపర్లు సగం సగం చదివి 'రెండు గ్రూపులూ కట్టేశాను' అనడం ధైర్యం కిందకు రాదు. సిలబస్ పూర్తయి, రాత అలవాటున్నవాళ్లకు మాత్రమే అది లాభం.

మార్కు కనపడని నెలలు

నారు పోసిన రైతుకు పదిహేను రోజుల్లో పచ్చదనం కనపడుతుంది. బీకాం వాళ్లకు సెమిస్టర్ వస్తుంది. సీఏ ఇంటర్‌కు రిజిస్టరయ్యాక పరీక్ష రాయడానికి కనీసం 8 నెలల చదువు గడువు ఉండాలి. ఫౌండేషన్‌కు 4 నెలలు. ఈ నెలల్లో బయటి నుంచి ఒక్క మార్కు రాదు. పొద్దున్నించి రాత్రిదాకా చదివిన రోజుకూ, ఫోను చూస్తూ గడిపిన రోజుకూ సాయంత్రం అందేది ఒకటే, ఏమీ లేకపోవడం.

ఆ ఖాళీని నింపడానికి చాలామంది గంటలు లెక్కపెడతారు, వీడియోలు లెక్కపెడతారు. 'ఈరోజు పన్నెండు గంటలు', 'ట్యాక్స్ 64 లెక్చర్లు అయిపోయాయి'. ఈ తూనికలో మోసముంది. లెక్చరరు బోర్డు మీద కన్సాలిడేషన్ (అనుబంధ కంపెనీల లెక్కలు కలపడం) చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఒకటిన్నర స్పీడులో పెట్టి చూస్తే ఇంకా తొందరగా అర్థమైనట్టుంటుంది. అదే లెక్క తెల్ల కాగితం మీద ఒంటరిగా చేయమంటే గుడ్‌విల్ దగ్గరే చెయ్యి ఆగుతుంది. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో తేల్చింది కూడా ఇదే. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. చదివినవాళ్లకు మాత్రం తమకే బాగా వచ్చన్న నమ్మకం ఎక్కువగా ఉండింది.

ఈ నమ్మకం పగిలేది సాధారణంగా మొదటి మాక్ టెస్టులో, పరీక్షకు నెల ముందు. ఆరు నెలలు పోగేసుకున్న ధీమా ఒక్క మధ్యాహ్నంలో కూలిపోతుంది. చాలామంది అటెంప్టు వదిలేసేది అప్పుడే. మాక్ పెట్టింది మరీ ఆలస్యంగా కావడమే ఇక్కడ తప్పు.

లెక్కపెట్టాల్సింది ఏది

గంటల బదులు రాసిన మార్కులు లెక్కపెట్టడం ఒక దారి. ఇంటర్, ఫైనల్ పేపర్లలో చాలావాటిలో 30 మార్కులు ఎంసీక్యూలు (బహుళైచ్ఛిక ప్రశ్నలు), 70 మార్కులు రాత. రాత భాగంలో సాధారణంగా మొదటి ప్రశ్న తప్పనిసరి, మిగిలిన అయిదింటిలో నాలుగు రాయాలి, ఒక్కోదానికి 14 మార్కులు. మూడు గంటల్లో ఎంసీక్యూలకు 45 నిమిషాలు తీసేస్తే 70 మార్కులకు 135 నిమిషాలు మిగులుతాయి. ఒక 14 మార్కుల ప్రశ్నకు 27 నిమిషాలు. వారంలో పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని, చేత్తో పూర్తిగా రాసిన జవాబులు ఎన్ని మార్కులవి? మొదటి వారం 28 వస్తే 28 అనే రాసుకోవాలి. ఆ అంకె 28 నుంచి 56కి, 56 నుంచి 100కి పెరగడం కళ్లకు కనపడుతుంది. పన్నెండు గంటల చదువు మాత్రం ఆరు నెలల తర్వాత కూడా పన్నెండు గంటలే.

ఈ మార్కుల లెక్క ఒక పుస్తకమైతే, రెండో పుస్తకం తప్పులది. ఇది నడిపే తీరులో చాలామంది పొరపడతారు. 'ప్రాసెస్ కాస్టింగ్ రివైజ్ చేయాలి' అని రాస్తే అది తప్పుల పుస్తకం కాదు, నెరవేరని మొక్కుల చిట్టా. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే పట్టుకోవాలి. ఉదాహరణకు ఈ లెక్క: 1,000 కిలోల సరుకు ప్రాసెస్‌లో వేశారు, మొత్తం ఖర్చు రూ.38,000. సాధారణ నష్టం 5 శాతం, స్క్రాప్ విలువ లేదు. చేతికొచ్చింది 920 కిలోలు. విద్యార్థి 38,000ను 920తో భాగించి కిలో రూ.41.30 అని రాశాడు. సాధారణ నష్టం 50 కిలోలు పోతే రావాల్సింది 950, కాబట్టి కిలో ఖరీదు రూ.40. మిగిలిన 30 కిలోలు అసాధారణ నష్టం, దాని విలువ రూ.1,200, అది కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు పోవాలి. పుస్తకంలో రాయాల్సిన వాక్యం ఒక్కటే: 'భాగించేటప్పుడు వచ్చిన సరుకును తీసుకున్నాను, రావాల్సిన సరుకును కాదు.' పక్కన తేదీ. ఏడు రోజులకు ఒకసారి, ఇరవై ఒకటో రోజున ఇంకోసారి అదే రకం లెక్క మళ్లీ చేసి, ఒప్పైతే కొట్టేయాలి. కొట్టేసిన గీతలే ఇక్కడ జీతం.

తప్పులన్నీ ఒక జాతివి కావు. తెలియక చేసిన తప్పుకు పాఠం కావాలి. తెలిసీ మర్చిపోయినదానికి మళ్లీ మళ్లీ తిప్పడం కావాలి. టైం చాలక వదిలిందానికి రాత సాధన కావాలి. ప్రశ్న సరిగా చదవకపోవడం ఇంకో రకం, 'ఏప్రిల్ 1న కొన్నారు' అన్నదాన్ని 'అక్టోబరు 1' అనుకుని తరుగుదల వేయడం లాంటిది. దానికి మందు ప్రశ్నలో తేదీల కింద గీత పెట్టడమే. నాలుగింటికీ కలిపి 'ఇంకా కష్టపడాలి' అనుకుంటే ఏదీ నయం కాదు, అలసట మిగులుతుంది.

45 గంటల లెక్క

పేపరుకూ పేపరుకూ మధ్య సాధారణంగా ఒక రోజు విరామం ఉంటుంది. ఒక పేపరు సాయంత్రం 5కి అయిపోతే తర్వాతిది ఎల్లుండి మధ్యాహ్నం 2కి. అంటే 45 గంటలు. రెండు రాత్రుల నిద్ర 14 గంటలు, తిండీ స్నానం ప్రయాణం కలిపి మరో 8 గంటలు తీసేస్తే 23 మిగులుతాయి. అయిపోయిన పేపరు గురించి స్నేహితులతో మాట్లాడకుండా ఉండగలిగితే, నిజంగా పుస్తకం మీద కళ్లు నిలిచేది 17, 18 గంటలు. ఒక సబ్జెక్టు మొత్తాన్ని ఆ గంటల్లో తిప్పేయగలగాలి.

అందుకే ఒక్కో చాప్టరు పక్కన, దాన్ని తిప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవడం పనికొస్తుంది. మొదటిసారి ఆరు గంటలు పట్టిన చాప్టరు రెండోసారి రెండున్నరకు, మూడోసారి యాభై నిమిషాలకు దిగుతుంది. మొత్తం కూడితే 18 గంటల్లోపు వచ్చిన రోజు ఆ సబ్జెక్టు చేతికొచ్చినట్టు. పరీక్షకు పదిహేను రోజుల ముందు కూడా కూడిక 40 దగ్గరే ఆగి ఉంటే కొత్త చాప్టరు మొదలుపెట్టడం ఆపి, నోట్సు కుదించాలి.

మధ్యాహ్నం రెండింటికి నెల్లూరు ఎండలో

చాలా పేపర్లు 2 నుంచి 5 దాకా. ప్రశ్నపత్రం చదువుకోవడానికి 1.45కే ఇస్తారు. మే అటెంప్టంటే ఆ వేళకు నెల్లూరు, ఒంగోలుల్లో బయట నిప్పులు చెరుగుతుంటాయి. చాలామంది తెల్లవారుజామున 4కి లేచి కష్టమైన లెక్కలు చేసి, మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు గంటలు పడుకుంటారు. ఎండాకాలంలో ఇంటికో అలవాటు అది, తప్పు పట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా, పరీక్ష వచ్చేది ఒంటికి నిద్ర అలవాటైన ఆ రెండు గంటల్లోనే. చివరి నలభై రోజులు గడియారం పెట్టి రాసే పనంతా 2 నుంచి 5 మధ్యకు జరపాలి. భోజనం 12.30కి, సగం కడుపుకు, పెరుగన్నంతో ముగిసేలా. చేపల పులుసు ఆదివారానికి ఉంచుకోవచ్చు.

మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు నుంచి సెంటరుకు వచ్చేవాళ్లు పరీక్ష రోజు పొద్దున బస్సెక్కితే 45 గంటల లెక్కలోంచి నాలుగైదు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఆ వారానికి సెంటరున్న ఊళ్లో గదో, చుట్టాలిల్లో చూసుకోవాలి. చుట్టాలిల్లయితే ఒక షరతు: పేపరు ఎలా రాశావని ఎవరూ అడగకూడదు. ఇది ముందే చెప్పుకోవాల్సిన మాట.

2025 మేలో ఇంకో అనుభవం ఎదురైంది. సరిహద్దు ఉద్రిక్తతల వల్ల మే 9 నుంచి 14 దాకా ఉన్న పేపర్లు వాయిదా పడి, 16 నుంచి 24 మధ్య జరిగాయి. వారం అదనంగా దొరికింది కదా అనుకున్నవాళ్లలో చాలామందికి బిగించిన తాడు వదులైపోయింది. ఇలాంటప్పుడు కొత్తది ఏమీ తెరవకుండా, ఆ సబ్జెక్టునే ఇంకోసారి అదే 18 గంటల్లో తిప్పడం మేలు.

ఇంట్లో చదువు, హాస్టల్ చదువు

కోచింగ్ కోసం విజయవాడకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్లడం ఈ రెండు జిల్లాల్లో పాత అలవాటు. ఆన్‌లైన్ క్లాసులు వచ్చాక కావలిలోనో కందుకూరులోనో ఇంట్లో కూర్చునే అవే పాఠాలు వినే వీలు కలిగింది. సీఏ పరీక్షలు నడిపే ఐసీఏఐ సంస్థ బోర్డ్ ఆఫ్ స్టడీస్ స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), ఎంటీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు), సజెస్టెడ్ ఆన్సర్లు (నమూనా జవాబులు) డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. పాఠానికి లోటు లేదు. లోటల్లా పక్క బెంచీకి. హాస్టల్లో ఇరవైమంది అదే ఆర్‌టీపీ చేస్తుంటే, చేయాలన్న నిర్ణయం రోజూ కొత్తగా తీసుకోనక్కర్లేదు. ఇంట్లో అది రోజూ తీసుకోవాలి, ఈ మధ్యలో గ్యాస్ బండ వస్తుంది, పెళ్లి పిలుపు వస్తుంది, బీటెక్ అయి బెంగళూరు వెళ్లిన పక్కింటబ్బాయి సెలవులకు వస్తాడు. వీధిలో ఒకరైనా ఆపి అడుగుతారు: "ఏందబ్బా, నీది ఇంకా అవలేదా?"

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పిన 'ఇది జరిగితే అది చేస్తాను' పద్ధతి ఇంటి చదువుకు బాగా నప్పుతుంది. 'సాయంత్రం చదువుతా' అన్నది సంకల్పం మాత్రమే. 'టీ గ్లాసు కింద పెట్టగానే నిన్నటి తప్పుల పుస్తకంలో మొదటి లెక్క చేస్తాను' అన్నది గురుతు. మొదటి పని చిన్నదిగా, వేరే ఆలోచన లేకుండా మొదలయ్యేదిగా ఉండాలి. ఒంటరితనానికి విరుగుడు వారానికో రోజు జిల్లా గ్రంథాలయంలోనో, ఎవరింటి మిద్దె మీదో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఎంటీపీ రాసి, ఒకరి పేపరు ఇంకొకరు ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. స్నేహితుడి దగ్గర మార్కు బేరమాడటం కష్టం, సొంతంగా దిద్దుకుంటే అర మార్కు, అర మార్కు కలుపుకుంటూ పోతాం.

తల్లిదండ్రులకు శాతాలు చెప్పడం కంటే ఎగ్జెంప్షన్ అంటే ఏమిటో చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. 'ఫెయిలయ్యాను' అనడానికీ, 'మూడు పేపర్లలో ఒకటి దక్కింది, రెండు రాయాలి' అనడానికీ ఇంట్లో వచ్చే జవాబు వేరు.

ఆర్టికల్స్‌లో

2023 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త స్కీములో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, అది ముగిశాక ఆరు నెలల చదువు గడువుతో ఫైనల్. దీనివల్ల 'ఆ ఆరు నెలల్లో చూసుకుందాం' అనే ధోరణి పెరిగింది. ఆరు పేపర్లను ఆరు నెలల్లో మొదటిసారి ముట్టుకోవడం ఎంత భారమో చెప్పనక్కర్లేదు. ఆఫీసు క్యాలెండరు చూస్తే నెలలో 11వ తేదీ జీఎస్టీఆర్-1, 20న 3బీ, ఈ రెండు జీఎస్టీ రిటర్నుల గడువు. 21 నుంచి నెలాఖరు దాకా కాస్త ఊపిరి ఆడుతుంది, ట్యాక్స్ ఆడిట్ల సెప్టెంబరు మినహా. రోజుకు గంటన్నర చదువు ఆ పది రోజుల్లో నిలబడుతుంది, మొదటి ఇరవై రోజుల్లో అరగంట ఎంసీక్యూలు చాలు.

ఈ ప్రాంతంలో ఆర్టికల్స్ చేసేవాళ్లకు ఒక అనుకూలత ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. పాఠంలో పొడిపొడిగా ఉండేవన్నీ ఇక్కడి వ్యాపారాల్లో రక్తమాంసాలతో కనపడతాయి. రైతు దగ్గర కొన్న పొగాకు ఆకుకు కొన్నవాళ్లే రివర్స్ ఛార్జీలో పన్ను కట్టాలన్నది ఒంగోలు, టంగుటూరు వేలం కేంద్రాల చుట్టూ ఉన్న ట్రేడర్ల ఫైళ్లలో దొరుకుతుంది. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారు ఫైలు తెరిస్తే జీరో రేటెడ్ సప్లై (పన్ను సున్నా), ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం), రీఫండ్ వరుసగా ఉంటాయి. చెరువులో ఇంకా పట్టని రొయ్యలను లెక్కల్లో ఎలా చూపాలన్నది ఇండ్ ఏఎస్ 41 (వ్యవసాయానికి సంబంధించిన అకౌంటింగ్ స్టాండర్డ్). 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాకు చేసి లేబులు వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక, మిల్లుల్లో 26 కిలోల బస్తా ఎందుకు పుట్టిందో ఒక్కసారి విన్నవాళ్లు ఆ నిబంధనను మర్చిపోరు. ఆఫీసులో ముట్టుకున్న ప్రతి ఫైలుకు ఒక సెక్షనో స్టాండర్డో పక్కన రాసుకుంటే, రెండేళ్లకు అది ఎవరూ అమ్మని నోట్సవుతుంది.

ఫలితం నుంచి తర్వాతి పరీక్ష దాకా

ఏడాదికి మూడు అటెంప్టులు, జనవరి, మే, సెప్టెంబరు. ఇది వరమే, కానీ రెండువైపులా పదునుంది. జులై 6న ఫలితం వస్తే సెప్టెంబరు మొదటి వారానికి తర్వాతి పరీక్ష. చేతిలో ఉండేది సుమారు అరవై రోజులు. మే చివర నుంచి ఫలితం దాకా 'పాసైతే చదవనక్కర్లేదు కదా' అని ఖాళీగా ఉన్నవాళ్లకు ఆ అరవైలో పది పదిహేను రోజులు దుఃఖానికే పోతాయి. ఈ మధ్యకాలంలో, తప్పుతుందన్న అనుమానం గట్టిగా ఉన్న ఒక్క పేపరును మాత్రం రోజుకు రెండు గంటలు చూస్తూ ఉండటం మధ్యేమార్గం. పాసైనా ఆ చదువు ఫైనల్లో అక్కరకొస్తుంది.

'ఈసారి వద్దు, తర్వాతి అటెంప్టుకు బాగా చదివి రాస్తా' అన్నది అన్నిటికంటే ఖరీదైన నిర్ణయం, ముఖ్యంగా ట్యాక్సులో. ఆదాయ పన్ను చట్టం 2025 ఏప్రిల్ 1, 2026 నుంచి 1961 చట్టం స్థానంలోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. వాయిదా వేసే ముందు, ఆ అటెంప్టుకు ఏ చట్టం, ఏ తేదీ దాకా సవరణలు వర్తిస్తాయో ఐసీఏఐ ప్రకటనలోనూ ఆర్‌టీపీలోనూ చూసుకోవాలి. కంఠతా పట్టిన సెక్షన్లు పనికిరాకుండా పోతే, చదివిందే మళ్లీ చదవాల్సి వస్తుంది.

తప్పినవాళ్లు మొదట చేయాల్సిన పని కొత్త టైంటేబుల్ వేయడం కాదు. పేపరుకు రూ.500 కట్టి, ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు, జవాబు పత్రం ధ్రువీకృత నకలు తెప్పించుకోవడం. 42 దగ్గర ఆగిన పేపరైతే తప్పకుండా. సజెస్టెడ్ ఆన్సర్ పక్కన పెట్టి ఒక్కో ప్రశ్నకూ పోయిన మార్కు పైన చెప్పిన నాలుగు రకాల్లో ఎందులోకి వస్తుందో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాలి. లా పేపర్లో నిర్ణయం సరిగ్గా రాసి, ఏ నిబంధన కింద అన్నది రాయకపోవడం వల్ల రెండేసి మార్కులు అయిదారు చోట్ల పోయి ఉంటాయి. ఆడిటింగ్‌లో స్టాండర్డ్ పేరు ఉంటుంది, ప్రశ్నలోని కంపెనీకి అది ఎలా వర్తిస్తుందన్న వాక్యం ఉండదు. వర్కింగ్ నోట్స్ లేని అకౌంట్స్ జవాబులో చివరి అంకె తప్పితే దారిలో రావాల్సిన మార్కులూ పోతాయి. ఈ పనికి పేపరుకు ఒక పూట చాలు. నకలు చేతికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, దరఖాస్తు ఫలితం చూసిన రోజే పెట్టేయాలి.